వాన అందరికీ ఒక్కటేనా? వాతావరణ మార్పుపై అపోహలు – వాస్తవాలు

2016లో ఉమ్మడి వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు జనగామ వాటాకు కరువు, మహబూబాబాద్ వాటాకు మిర్చీ తండాలూ, భూపాలపల్లి వాటాకు బొగ్గూ అడవీ వచ్చాయి. ఎండావానా మాత్రం ఆ హద్దుల్ని పట్టించుకోవడం లేదు. ఈ మూడు జిల్లాల్లో వాతావరణం మీద వినిపించే మాటల్లో కొన్ని సగం నిజాలు. కొన్ని పూర్తిగా తప్పు.

అపోహ: "వాగులు పొంగుడు కొత్తదా? తాతల నాడు పొంగలేదా?"

వాస్తవం: పొంగాయి. కానీ 2023 జులై 27 ఉదయానికి భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 24 గంటల్లో 616.5 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అక్కడ ఏడాది పొడవునా కురిసేది సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. తెల్లారేసరికి మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది. ఇళ్ల కప్పులెక్కిన జనం కోసం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 1న ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది. ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలుకట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. పడ్డ ప్రతి వాననూ వాతావరణ మార్పు ఖాతాలో వేయలేం. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. అందుకే కుంభవృష్టి కురిసే అవకాశం పెరుగుతోంది.

అపోహ: "వానకు బీదా గొప్పా తెల్వదు. నష్టం అందరికీ ఒక్కటే."

వాస్తవం: అసలు తగాదా ఇక్కడే ఉంది. వాన అందరి చేను మీదా పడుతుంది, పరిహారం మాత్రం పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ఇంటికే దారి వెతుక్కుంటుంది. పెట్టుబడి కౌలుదారుది, అప్పు అతనిది, తామర పురుగు తిన్న మిర్చి తోట అతనిదే. ప్రభుత్వ జాబితాలో పేరు మాత్రం హైదరాబాద్‌లో ఉండే భూయజమానిది. కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వాలని ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాన్ని గట్టిగా అమలు చేయాలన్న పట్టుదల ఏ పార్టీ ప్రభుత్వంలోనూ కనిపించలేదు. 2023 మార్చిలో వడగండ్లు పడ్డాక నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ పెద్దవంగర మండలం రెడ్డికుంట తండాకు వచ్చారు. ఎకరాకు రూ.10,000 ఇస్తామన్నారు, కౌలుదారులకూ అందాలన్నారు. మాట మంచిదే. కానీ ఫలానా చేను ఫలానా మనిషి చేస్తున్నాడని రాసిన కాగితమే లేనప్పుడు అధికారి ఎవరికిస్తాడు? భర్త పేరున పట్టా ఉండి, సాగంతా తానే చేసే ఆడమనిషిదీ ఇదే తిప్పలు.

ఎండల సంగతీ అంతే. వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణానికి రూ.4 లక్షల పరిహారాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. అది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. కాకపోతే ఆ చావు వడదెబ్బతోనే అని అధికారులు ధ్రువీకరించాలి. ఉపాధి పని నుంచి వచ్చి మంచం మీద వాలి పోయిన మనిషికి ఆ రోజే అంత్యక్రియలు చేసే ఇంటికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

అపోహ: "పోడు కొట్టేటోళ్ల వల్లనే గిన్ని ఎండలు."

వాస్తవం: ఏడాదికి సగటు అమెరికన్ వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 14 టన్నులు, సగటు భారతీయుడు వదిలేది 2 టన్నులు. కొత్తగూడ, గంగారం మండలాల్లో పోడు చేసుకునే కోయ కుటుంబం ఆ సగటుకూ చాలా కిందే ఉంటుంది. అడవి తరిగితే నష్టం లేదని కాదు. 2006 అటవీ హక్కుల చట్టం పట్టాలతో పాటు, అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కునూ గ్రామసభకే ఇచ్చింది. మన దగ్గర చర్చంతా పట్టాల చుట్టూనే తిరిగింది, ఆ రెండో హక్కును అడిగినవాళ్లు తక్కువ.

అపోహ: "మొక్కలు నాటితే సరిపోతుంది."

వాస్తవం: సరిపోదు. అందులోనూ పోడు చేను గుంజుకుని నాటితే అది పచ్చదనం పేరుతో మరో అన్యాయం.

అపోహ: "బొగ్గు బందైతే భూపాలపల్లి బతకదు."

వాస్తవం: చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. దాని కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, బూడిద మాత్రం ఇక్కడే పడుతుంది. సింగరేణి బొగ్గు గనుల సంస్థే ఇప్పుడు సౌర విద్యుత్ కేంద్రాలు పెడుతోంది, అంటే మార్పు మొదలైనట్టే. ఆ కేంద్రాలకు గనికి కావాల్సినంత మంది మనుషులు అక్కర్లేదు. పర్మినెంటు కార్మికుడికి పింఛనుంటుంది. కాంట్రాక్టు కార్మికుడికి, లారీ క్లీనరుకు, గని గేటు ముందు టిఫిన్ బండి నడిపే ఆమెకు ఏముంటుంది? ఆ లెక్క ఇప్పుడే వేయాలి, గని మూసిన రోజున కాదు.

అపోహ: "ఊరోళ్లతో ఏమైతది? సర్కారే చెయ్యాలె."

వాస్తవం: జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఎనబావిని చూడండి. రసాయన ఎరువులు, పురుగుమందులు పూర్తిగా వదిలేశామని ఆ ఊరంతా కలిసి 2006లో ప్రకటించింది. క్రాప్స్, సుస్థిర వ్యవసాయ కేంద్రం అనే స్వచ్ఛంద సంస్థలు తోడు నిలిచాయి, నిర్ణయం మాత్రం ఊరిదే. సేంద్రియ సాగు ఒక్కటే వరదను ఆపదు గానీ, పెట్టుబడి అప్పు తగ్గితే పంట పోయిన ఏడాది కూడా ఇల్లు నిలబడుతుంది. కాకతీయుల గణపసముద్రం, బయ్యారం చెరువు ఇప్పటికీ పారుతున్నాయంటే, తవ్వించినవాళ్ల గొప్పతనం ఎంతో, తరతరాలుగా తూములు చూసుకున్న నీరటికాళ్ల కష్టమూ అంతే.

వచ్చే గ్రామసభకు తప్పక వెళ్లండి. ఊళ్లో కౌలుకు చేసేవాళ్ల పేర్లు, సర్వే నంబర్లు పుస్తకంలో రాయించండి. అర్ధరాత్రి వాగొస్తే ఒడ్డు ఇళ్లకు కబురు ఎవరు చెప్పాలో, నడవలేని ముసలివాళ్లను ఎవరు ఎత్తుకురావాలో, చెరువు అలుగు దగ్గర ఎవరుండాలో పేర్లతో సహా తీర్మానం చేయించండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు.