ఫోన్ ఛార్జింగ్ సాయంత్రానికే అయిపోతోందా? సెట్టింగ్స్ మార్చండి, అజాన్ యాప్ జాగ్రత్త

పొద్దున ఫుల్ ఛార్జింగ్ పెట్టిన ఫోన్ అసర్ వేళకే 15 శాతానికి పడిపోతోందా? బ్యాటరీ మార్చడానికి షాపుకు పరుగెత్తే ముందు సెట్టింగ్స్‌లో 'బ్యాటరీ యూసేజ్' తెరవండి. ఏ యాప్ ఎంత తింటోందో అక్కడే కనిపిస్తుంది.

ఎక్కువ ఖర్చు సాధారణంగా స్క్రీన్‌దే. బ్రైట్‌నెస్ తగ్గించి, స్క్రీన్ టైమవుట్ 30 సెకన్లు పెట్టండి. డార్క్ మోడ్ అమోలెడ్ స్క్రీన్లకే బాగా పనికొస్తుంది, ఎల్‌సీడీ అయితే పెద్దగా లాభం లేదు. 5జీ సిగ్నల్ సరిగా అందని చోట 4జీకి మారండి. యాప్‌లను మాటిమాటికీ స్వైప్ చేసి మూసేస్తే మాత్రం ఒరిగేదేమీ లేదు.

ఇక అసలు చిక్కు. బ్యాటరీ సేవర్ ఆన్ చేశాక ఫజర్‌కు అజాన్ అలర్ట్ మోగకపోవచ్చు. యాప్ పాడైందనుకుని కొందరు తీసేస్తారు కూడా. నిజానికి దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లో ఆపేసేది ఫోనే. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ ఐకాన్ నొక్కిపట్టి, యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో 'ఆటోస్టార్ట్' కూడా ఆన్ చేయాలి. యాప్‌లో మీ ఊరు మీరే ఎంచుకునే వీలుంటే, దానికి లొకేషన్ ఆపేయండి, అక్కడా ఛార్జింగ్ మిగులుతుంది. ఇంట్లో అమ్మీ, అబ్బా ఫోన్లలోనూ ఇదే చేసి, ఆ రాత్రి ఇషాకు మోగుతుందో లేదో చూసుకుంటే ఫజర్‌కు బెంగ ఉండదు.