పాలు లేని జున్ను

నెయ్యి దగ్గర వచ్చింది తగవంతా.

నిరుడు వేసవి సెలవుల్లో అమ్మను వెంటబెట్టుకొని అమెరికా వెళ్ళాను. న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊళ్ళో మా అక్కయ్యా బావగారూ కాపురముంటున్నారు. ఓక్ ట్రీ రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే మన చీరలూ మన కూరలూ కనిపించి, మన మాటలు చెవిని పడే ఊరది. దిగిన మర్నాడే అమ్మ వెన్న తెప్పించి, కాచి, ఇల్లంతా ఘుమఘుమలాడేట్టు నెయ్యి చేసింది. భోజనాల వేళ మనవడి కంచంలో పప్పన్నం మీద చెంచాడు వెయ్యబోయింది.

"వద్దమ్మమ్మా!" అన్నాడు వాడు, చెయ్యి అడ్డం పెట్టి.

"ఓ చుక్కేలేరా" అంటూ అమ్మ వేసేసింది.

వాడు గొడవ చెయ్యలేదు. మెల్లిగా లేచి, ఆ కంచం పక్కన పెట్టి, వేరే కంచంలో వేరే అన్నం పెట్టుకొన్నాడు. అంతే. తరవాత మూడు రోజులపాటు అమ్మ వాడితో మాట్లాడలేదు. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆవిడ చేతి పెరుగన్నం ముద్దలు తిని పెరిగినవాడు. ఆవిడ వాడికి ఇవ్వగలిగిందల్లా ఆ నెయ్యీ పెరుగూనే. అది కాదనేసరికి తన్ను కాదన్నట్టే తోచింది కాబోలు.

మా మేనల్లుడికి పందొమ్మిదేళ్ళు. కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. పుట్టుశాకాహారి. అది చాలక ఏడాది క్రితం వీగన్ అయినాడు. అంటే పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె కూడా ముట్టడన్నమాట. మాటలంటే పడిచచ్చేవాణ్ని గనక ఈ మాట పుట్టుక చెప్పకుండా ఉండలేను. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఆయన మిత్రులూ కలిసి పాలు కూడా మానేసినవారికొక సంఘం పెట్టుకొన్నారు. దానికి పేరు కావలసివచ్చింది. 'వెజిటేరియన్' అన్న మాటకు ఇంగ్లీషు లిపిలో ఉన్న మొదటి మూడక్షరాలూ చివరి రెండక్షరాలూ తీసుకొని, నడుమ ఉన్నది వదిలేశారు. అలా తలా తోకా కలిసి 'వీగన్' అయింది. వ్యాకరణంలో ఇటువంటి సమాసానికి పేరేమిటో నాకు తెలియదు గాని, మా ఇంట్లో మాత్రం అది విగ్రహం చెప్పరానంత చిక్కు తెచ్చిపెట్టింది.

నాలుగోనాటి రాత్రి, నిద్రపట్టక మంచినీళ్ళకని కిందికి దిగితే, వంటింట్లో వాడొక్కడే కూచుని ఉన్నాడు.

"అమ్మమ్మకి నా మీద కోపమా మావయ్యా?" అన్నాడు.

"కోపం కాదురా, కష్టం" అన్నాను.

వాడు తన సంగతి చెప్పుకొచ్చాడు. కాలేజీలో పాల పరిశ్రమ మీద ఒక చిత్రం చూశాడట. పెద్ద పెద్ద పాలశాలల్లో దూడ పుట్టిన కొద్ది గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తల్లి నుంచి వేరు చేసేస్తారనీ, అది చూశాక పాలచుక్క గొంతు దిగలేదనీ అన్నాడు. నేను వాదించలేదు. మా తాతముత్తాతలు మాంసం దగ్గర ఒక గీత గీసుకొన్నారు. వీడు ఇంకో అడుగు ఇవతల గీసుకొన్నాడు. గీత గీసుకోవడం మేం నేర్పిన విద్యే కదా!

"అన్నీ మానేశాను గాని, గ్రిల్డ్ చీజ్ ఒక్కటి మరిచిపోలేకుండా ఉన్నాను మావయ్యా" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

ఈ గ్రిల్డ్ చీజ్ అనేది అమెరికా పిల్లలకు మన పప్పన్నం వంటిది. రెండు బ్రెడ్డు ముక్కల నడుమ చీజు పెట్టి, పైన వెన్న రాసి, పెనం మీద రెండువైపులా ఎర్రగా కాలుస్తారు. లోపలి చీజు కరిగి, విరిస్తే తీగలా సాగుతుంది. పక్కన గిన్నెడు టొమాటో సూపు ఉంటే ఇక చెప్పనక్కరలేదు. జలుబు చేసినా, పరీక్ష తప్పినా, మంచు కురిసినా అదే మందు. జేమ్స్ క్రాఫ్ట్ అనే ఆయన తొందరగా చెడిపోని ప్రాసెస్డ్ చీజుకు 1916లో పేటెంటు పుచ్చుకొన్నాడు. ముక్కలుగా కోసిన బ్రెడ్డు 1928లో మిస్సోరీ రాష్ట్రంలోని చిల్లికోతీ అన్న ఊళ్ళో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. ఆ వెంటనే 1930లలో ఆర్థికమాంద్యం వచ్చిపడేసరికి, చవకలో కడుపు నింపే ఈ జోడీ ఇంటింటి తిండి అయిపోయింది. మా అక్కయ్య కూడా వీడికి జ్వరం తగ్గిన నాడల్లా ఇదే చేసిపెట్టేదట.

బజార్లో పాలు లేని చీజు దొరకదా అంటే దొరుకుతుంది. చాలావాటిలో కొబ్బరినూనె, పిండిపదార్థం తప్ప మరేమీ ఉండదు. వాడు కొన్న రకం కాలిస్తే కరగలేదు సరిగదా, చెమట పట్టింది! అప్పుడే నా నోట తొందరపాటు మాట వచ్చేసింది. "మనమే చేద్దాం లేరా" అన్నాను. కాఫీ కలపడం తప్ప వంట ఎరగనివాణ్ని సుమండీ!

మూలపదార్థానికి లోటు లేదు. శ్రీకాకుళం జిల్లావాణ్ని గనక వెళ్ళేటప్పుడు అక్కయ్యకని పలాస జీడిపప్పు రెండు కిలోలు మోసుకెళ్ళాను. జీడిపప్పు నానబెట్టి రుబ్బితే వెన్నలా అవుతుందని, చీజుకు అదే మంచి ఆధారమని మేనల్లుడు చదివి ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే రుబ్బాం, ఉప్పూ నిమ్మరసం కలిపాం, బ్రెడ్డు మధ్య పెట్టి కాల్చాం. అది కుర్మాకు బాగుండేది. బ్రెడ్డు నొక్కేసరికి నాలుగువైపులనుంచీ కారి పెనం పాలయింది. సాగడమన్న మాటే లేదు.

ఎందుకు సాగలేదో తరవాత తెలుసుకొన్నాం. పాలలోని మాంసకృత్తులలో నూటికి 80 పాళ్ళు కేసీన్ అనేది. చీజు చేసినప్పుడు ఈ కేసీన్ వలలా అల్లుకొని, కొవ్వునూ నీటినీ తనలో పట్టి ఉంచుతుంది. వేడి తగలగానే కొవ్వు కరుగుతుంది, వల సడలుతుంది, చీజు సాగుతుంది. జీడిపప్పులో కొవ్వుంది, కమ్మదనముంది, ఈ వల లేదు. వల స్థానంలో ఇంకేదైనా జిగురు కావాలి. దానికి పనికివచ్చేది కర్రపెండలం పిండి. మన సామర్లకోట ప్రాంతంలో సగ్గుబియ్యం తయారయ్యేది దీనితోనే. అక్కడ దాన్ని టాపియోకా పిండి అని అమ్ముతారు.

రెండోమారు ఆ పిండి కలిపి పొయ్యి మీద పెట్టాం. కాసేపటికి అక్కడక్కడా ఉండలు కట్టింది. భయపడి దించేశాం. రుచి చూస్తే పచ్చిపిండి వాసన. మేనల్లుడు మొహం వేలాడేసుకొన్నాడు.

"అదింకా ఉడకలేదురా!"

వెనక్కి తిరిగి చూద్దుము గదా, గుమ్మంలో అమ్మ. ఎంతసేపటి నుంచి చూస్తున్నదో! "సగ్గుబియ్యం వడియాలకి గంజి కాచడం ఎప్పుడూ చూడలేదూ? తెల్లగా ఉన్నంతసేపూ పచ్చిదే. ఉండ కట్టిందని దించేస్తే ఎలా? మంట తగ్గించి, కలుపుతూనే ఉండాలి" అంటూ నా చేతిలో గరిటె లాక్కుంది. నేను సంతోషంగా పదవీ విరమణ చేశాను.

అమ్మ అడుగు అంటకుండా కలుపుతోంది. ఉండలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ముద్ద నిగనిగలాడుతూ గిన్నె అంచులు వదిలింది. గరిటె పైకెత్తితే జానెడు సాగింది. మేనల్లుడు "అమ్మమ్మా!" అని కేకేశాడు. మూడు రోజుల తరవాత వాళ్ళిద్దరి మధ్యా మొదటి మాట అది.

"వెల్లుల్లి వేస్తారటగా ఇందులో?" అంది అమ్మ, వాడివైపు చూడకుండా.

"నీకిష్టం లేకపోతే వద్దులే."

"ఇంగువ వెయ్యి. అదే రుచి."

కొలతలు చెబుతాను, రాసుకోండి. జీడిపప్పు అరకప్పు తీసుకొని నాలుగు గంటలు నానబెట్టాలి. తొందరైతే వేడినీళ్ళలో అరగంట చాలు. నీళ్ళు వంచేసి, మంచినీళ్ళు ఒక కప్పు, టాపియోకా పిండి పెద్ద చెంచాతో మూడు, న్యూట్రిషనల్ ఈస్టు పెద్ద చెంచాతో ఒకటి, నిమ్మరసం ఒక చెంచా, ఉప్పు అరచెంచా పైచిలుకు, పసుపూ ఇంగువా చిటికెడు చొప్పున వేసి, చేతికి పలుకు తగలకుండా మిక్సీలో తిప్పాలి. సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలు ఆపకుండా కలిపితే పైన చెప్పిన పాకం వస్తుంది. ఈస్టంటే బ్రెడ్డు పొంగడానికి వేసేది కాదు. పెంచి, ఎండబెట్టి, నిర్జీవం చేసిన పసుపు రేకులవి. చీజుకుండే ఆ ముదర రుచి వాటివల్లనే వస్తుంది. దొరక్కపోతే మానెయ్యండి, కొంపలేమీ మునగవు. బ్రెడ్డులో పాలపొడి ఉన్నదీ లేనిదీ పొట్లం మీద చదివి కొనాలి. వెన్నకు బదులు నూనె రాయాలి. పెనం మీద వేసి మూతపెట్టి నిదానంగా కాల్చాలి. తొందరపడితే బయట మాడుతుంది, లోపల చల్లగానే ఉంటుంది.

కాలుతూండగా అమ్మ అడిగింది: "ఏమిరా, ఆ దూడలని నిజంగా తాగనివ్వరా?"

వాడు తాను చూసింది నెమ్మదిగా చెప్పాడు. అమ్మ పెనం వైపే చూస్తూ విన్నది. మా ఇంట్లో ఆవు ఉన్న రోజుల్లో దూడ కడుపు నిండాకే చెంబు పెట్టేదావిడ. చీజుకు నిఘంటువుల్లో జున్ను అని అర్థం ఇస్తారు గాని, మన జున్ను వేరు. ఈనిన ఆవు తొలిపాలతో చేసేది. "జున్నుపాలు కూడా దూడ విడిచినవే తీసేదాన్ని" అంది అమ్మ, తనలో తాను అనుకొంటున్నట్టు. కాసేపాగి, "పాలు లేకపోతే నీకు బలమెలా వస్తుందిరా?" అంది. అదీ ఆవిడ అసలు బాధ!

ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. బి12 అనే విటమిను మొక్కల తిండిలో దొరకదు. అది చాలకపోతే రక్తమూ నరాలూ దెబ్బతింటాయి. వాడు దానికి మాత్ర వేసుకొంటున్నాడు. సున్నం సత్తువకు అదనంగా కాల్షియం కలిపిన సోయాపాలు తాగుతున్నాడు. మాత్ర సీసా తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు తెప్పించుకొని, ఇంగ్లీషు రాకపోయినా, దాన్ని తిప్పి తిప్పి చూసింది.

రొట్టె విరిస్తే తీగ సాగింది. వాడు ఒక ముక్క టొమాటో సూపులో ముంచి తిన్నాడు. మేమంతా వాడి మొహంవైపు చూస్తున్నాం.

"ఇది చీజు కాదు" అన్నాడు. అమ్మ మొహం చిన్నబోయింది. "అయినా ఇంకోటి వెయ్యి అమ్మమ్మా!"

నాలుగు తిన్నాడు. అమ్మ కూడా ఒక ముక్క నోట్లో వేసుకొని, "బాగానే ఉంది. ఆవకాయ నంజుకుంటే మరీ బాగుంటుంది" అని తీర్పు చెప్పింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నిజంగానే బాగుంది.

అన్నట్టు, జీడిమామిడీ కర్రపెండలమూ టొమాటో మూడూ దక్షిణ అమెరికాలో పుట్టినవే. జీడిమామిడిని పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో బ్రెజిలు నుంచి మన తీరానికి తెచ్చారు. అవి మన వంటింట్లో చేరి మనవే అయిపోయాయి. ఇంటికొచ్చిన కొత్తని కలుపుకోవడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు. కాస్త వ్యవధి ఇవ్వాలంతే.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలకు కూచున్నాం. అమ్మ నెయ్యిగిన్నెతో బయలుదేరింది. బావగారికి వేసింది, అక్కయ్యకు వేసింది, నాకు వేసింది. మేనల్లుడి కంచం దగ్గర ఆగింది. నాకు గుండె దడదడలాడింది.

అమ్మ గిన్నె కింద పెట్టి, పక్కనున్న చిన్న సీసా తీసి, వాడి పప్పన్నం మీద నువ్వులనూనె చెంచాడు వేసింది.

"కలుపుకో" అంది.

పెరుగన్నం సంగతి ఇంకా తేలలేదు. ఈసారి వెళ్ళేటప్పుడు పలాసలో నాలుగు కిలోలు కొనమని మాత్రం అమ్మ ఇప్పటినుంచే చెబుతోంది.