ఈసీఐఎల్ ఇంకా టెక్నాలజీ కంపెనీయేనా?

ప్రశ్న: "మా తాతగారింట్లో ఈసీ టీవీ ఉండేదట. ఇప్పుడు ఆ కంపెనీ పేరు ఎన్నికలప్పుడు తప్ప వినపడదు. దాన్ని ఇంకా టెక్నాలజీ కంపెనీ అనవచ్చా?" - జగ్గయ్యపేట మండలం గరికపాడు నుంచి ఒక విద్యార్థిని.

అనవచ్చమ్మా. ఎందుకో తెలియాలంటే ముందు అది ఎందుకు పుట్టిందో చూడాలి. అణు రియాక్టర్‌ను అదుపులో ఉంచే పరికరాల కోసం విదేశాల మీద ఆధారపడితే, వాళ్లు ఇవ్వనన్న రోజున మన పని ఆగిపోతుంది. అందుకే అణుశక్తి విభాగం కింద 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌ను పెట్టారు. దాన్ని నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. ఏ.ఎస్.రావు నగర్‌కు ఆయన పేరే పెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ సంస్థ టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. టీవీలు ఆ తర్వాత వచ్చాయి.

మరి అవన్నీ ఏమయ్యాయి? 1984లో కంప్యూటర్ విధానం సడలింది, 1991 తర్వాత తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి. విడిభాగాలు తెప్పించి బిగించి అమ్మేవాళ్లు పెరిగారు. పోటీ ధర మీద, ప్రకటనల మీద నడిచింది. ప్రభుత్వ సంస్థ ఆ పరుగులో వెనకబడింది.

షాపులో కనపడకపోవడం వేరు, చేతనైన విద్య పోవడం వేరు. బజారులో దొరకని వస్తువు కావాలని ఎవరైనా వస్తే, మొదటినుంచి ఆలోచించి చేసివ్వగల మనుషులు లోపల ఉన్నారా? నేను చూసేది అదొక్కటే. 2008లో చంద్రయాన్-1 పంపే బలహీనమైన సంకేతాలను అందుకోవడానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో పెట్టిన 32 మీటర్ల యాంటెన్నా ఈసీఐఎల్ చేసిందే.

ఓటింగ్ యంత్రాన్నీ తక్కువగా చూడకు. మీ బూత్‌కు వచ్చింది బీఈఎల్‌ది కూడా కావచ్చు, వాటిని చేసేది ఈ రెండు సంస్థలే. కరెంటు లేకపోయినా బ్యాటరీతో నడవాలి, ఏ నెట్‌వర్క్‌తోనూ కలవకూడదు, చిప్‌లో ఒకసారి రాసిన ప్రోగ్రాం మళ్లీ మార్చడానికి వీలుండకూడదు. ఏయే సౌకర్యాలు పెట్టకూడదో తేల్చుకోవడమే అందులో కష్టమైన పని. అయితే ఒకే నమూనాను లక్షల్లో పోతపోస్తూ కూర్చుంటే మాత్రం అది ఉత్తి ఫ్యాక్టరీ అవుతుంది. ఆ భయం నాకూ ఉంది.

ఐబీఎం గురించీ ఇదే అడుగుతారు. 1911 నాటి సంస్థ. 2005లో తన పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని లెనోవోకు అమ్మేసింది. కానీ మీకు ఎంతో దూరంలో లేని అమరావతిలో 156 క్యూబిట్ల క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటించింది కూడా ఆ ఐబీఎమ్మే.

ఈసీఐఎల్ విషయంలో నా భయాన్ని కొంత తగ్గించింది లద్దాఖ్‌లోని హాన్లే. అక్కడ సుమారు 4,300 మీటర్ల ఎత్తున, గామా కిరణాల జాడ పట్టే 21 మీటర్ల మేస్ టెలిస్కోపును ఆ సంస్థ బాబా అణు పరిశోధన కేంద్రం (బార్క్)తో కలిసి కట్టింది. దాని ప్రారంభోత్సవం జరిగింది 2024 అక్టోబరులో.