కొలిమి యెరుగని గాజు

అరకులోయను చుట్టియున్న కొండలరాతిని పగులగొట్టి చూచినచో, అందు తెల్లని పలుగురాతి రేణువులును, ఎఱ్ఱని గార్నెట్టు పలుకులును కనబడును. ఖోండులను కొండజాతివారి పేరుమీదుగా, 1902వ సంవత్సరమున వాకరను శాస్త్రజ్ఞుడు ఈ రాతికి ఖోండలైటని పేరిడెను. ఇందలి పలుగురాయియు, గాజునకు ముఖ్యాధారమైన తెల్లని యిసుకయు నొక్కటే పదార్థము. దానిని సిలికా యందురు. అట్లయిన నొకటి రాయియు, నొకటి గాజును ఏల యైనవి?

కరగిన పదార్థము మెల్లగా చల్లారిన యెడల, అందలి పరమాణువులు వరుసలు తీరి స్ఫటికములగును. తటాలున చల్లారినచో వరుసతీరుటకు వ్యవధి చాలక, చెదరినవి చెదరినట్లే గట్టిపడును. అదియే గాజు. మన కొండల రాయి సుమారు 100 కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమున గొప్ప వేడిమికి లోనై, మిక్కిలి నెమ్మదిగా చల్లారెను, కనుక స్ఫటికమయమైనది.

ఇందుకు భిన్నమైన దృష్టాంతము ఐగుప్తుదేశపు పడమటి యెడారిలో, లిబియా సరిహద్దు చెంత కలదు. అచట ఇసుకతిన్నెల నడుమ లేతపసుపు వన్నెగల గాజుముక్కలు దొరకును. 1932వ సంవత్సరమున పాట్రిక్ క్లేటనను సర్వే యుద్యోగి వానిని చూచి శాస్త్రజ్ఞుల కెరిగించెను. అందు నూటికి 98 పాళ్లు సిలికాయే. దాని వయస్సు సుమారు 2 కోట్ల 90 లక్షల సంవత్సరములు. కొలిమి వెలిగించుటకు అప్పటికి మనుష్యుడే పుట్టలేదు. 1922లో బయల్పడిన తుతంఖామను రాజు సమాధిలోని యొక పతకమున పొదిగిన పురుగు ప్రతిమయు ఈ గాజుతో చెక్కబడినదే.

మరి దీనిని కాచిన దేది? గాజులో చిక్కుకొన్న జిర్కను రేణువులు విడిపోయియున్నవి. అందులకు 1,600 డిగ్రీలకు మించిన వేడిమి కావలెను. అగ్నిపర్వతముల ద్రవము సాధారణముగా 1,200 డిగ్రీలను దాటదు. కావున ఆ వేడిమి ఆకాశమునుండి పడిన గ్రహశకలము వలననే కలిగియుండవలెను.

ఆ శకలము 1908లో సైబీరియాలోని తుంగుస్కాపైని జరిగినట్లు గాలిలోనే ప్రేలెనా, లేక నేలను తాకెనా యని చాలకాలము వాదము జరిగెను. ఇది వట్టి పండితవాదము కాదు. గాలిలోని ప్రేలుళ్లు తరచుగా కలుగునవి. అవియే నేలను కరగించి గాజుగా మార్చగలిగినచో, భూమికి కలుగు అపాయమును మనము మిక్కిలి హెచ్చుగా లెక్కింపవలసివచ్చును. 2019లో శాస్త్రజ్ఞులు ఆ జిర్కను రేణువులలో, నేలను తాకిన ఘాతపు ఒత్తిడివలన మాత్రమే యేర్పడు ఖనిజము యొక్క జాడను గుర్తించిరి. ఆ ఘాతమువలన నేర్పడిన గుంట మాత్రము ఇంతవరకు నిశ్చయముగా దొరకలేదు.

మన దేశమున గుంటయు గాజును గూడ నొక్కచోటనే కలవు. మహారాష్ట్రమందలి లోణారు సరస్సు సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పుగల ఉల్కాఘాతపు గుంట. అచటి నేల నల్లరాయి యగుటచే గాజును నల్లనిదే. ఆకాశము తాకిడి యొక్కటే యైనను, ఏ నేల కరగునో ఆ నేల గుణమే గాజున నిలుచును.