కుక్కకు నెలకో స్నానం చాలు... పొలం మందు మాత్రం పొయ్యొద్దు

పొలం కాపలాకో, కొట్టంలో గొడ్లకు తోడుగానో, గొర్రెల మంద వెంట తిరగడానికో మన పల్లెల్లో కుక్క లేని రైతు ఇల్లు తక్కువే. ఇంత మజ్జిగన్నం పెడితే రాత్రంతా మేలుకుని కాస్తుంది. దాని ఆలనాపాలనా మాట వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. ‘కుక్కకి స్నానమేంటయ్యా, వానలో తడిస్తే అదే స్నానం’ అనేవాళ్లు కొందరు. వారానికి రెండుసార్లు బోరు దగ్గర కట్టేసి బట్టల సబ్బుతో రుద్దేవాళ్లు ఇంకొందరు. ఈ ఇద్దరివల్లా కుక్కకి పెద్ద ప్రమాదమేమీ లేదు. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు కనిపించగానే పత్తికి కొట్టే మందు తెచ్చి బకెట్లో కలిపి ఒళ్లంతా పోసేవాళ్లున్నారు చూశారూ, భయమంతా వాళ్లతోనే.

ముందు స్నానం సంగతి చూద్దాం. పొట్టి బొచ్చున్న నాటు కుక్కకి నెలకోసారి స్నానం చేయిస్తే సరిపోతుంది. ఆరు వారాలకోసారి చేయించినా తప్పు లేదు. బురదలో దొర్లి వచ్చినా, చచ్చిన జంతువు మీద పొర్లాడి కంపు కొడుతున్నా ఆ రోజు కడిగేయాల్సిందే, దానికి లెక్క చూడనక్కర్లేదు. ఒట్టి మట్టి అంటుకుంటే ఆరనిచ్చి గోనెపట్టాతో దులిపితే రాలిపోతుంది. డాక్టరు ఏదైనా చర్మరోగానికి మందు షాంపూ రాసిస్తే మాత్రం ఆయన చెప్పిన లెక్కే లెక్క.

ఇంత తక్కువ ఎందుకు సరిపోతుందంటే, మనకి పట్టినట్టు కుక్కకి ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కాస్త పడుతుంది, అంతే. ఒంట్లో వేడిని నాలుక బయటపెట్టి రొప్పుతూ పోగొట్టుకుంటుంది. చెమట కంపు లేనప్పుడు రోజూ కడగాల్సిన పనేముంది? పైగా దాని చర్మం మన చర్మం కంటే పల్చన. చర్మంలోంచి ఊరే సన్నటి నూనె వెంట్రుకలకు పట్టి, తడినీ దుమ్మునీ కొంత అడ్డుకుంటుంది. బట్టల సబ్బులో ఉండే సోడా ఆ నూనెను ఊడ్చేస్తుంది. చర్మం ఎండి, పొట్టు రేగి, దురద మొదలవుతుంది. కుక్క గోక్కుంటుంటే మనం ‘మురికి పట్టింది’ అనుకుని మళ్లీ సబ్బు తీస్తాం. గోకుడు ఇంకా పెరుగుతుంది.

మనం ఒంటికి రుద్దుకునే సబ్బు కూడా దానికి అంతగా నప్పదు. మన చర్మానిది ఆమ్లగుణం, కుక్క చర్మం ఇంచుమించు తటస్థం. మందుల షాపులో కుక్కల షాంపూ దొరికితే అది వాడండి, చిన్న సీసా నెలల తరబడి వస్తుంది. దొరక్కపోతే కుంకుడుకాయల రసాన్ని పల్చగా చేసి వాడుకోవచ్చు. కళ్లలో పడితే మనకెంత మంటో దానికీ అంతే, కాబట్టి మొహం జోలికి వెళ్లొద్దు.

ఈమధ్య పల్లెల్లో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, పొమేరియన్లు కూడా కనిపిస్తున్నాయి. పట్నంలో కొడుకో కూతురో ముచ్చటపడి కొంటారు, అద్దె ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే తెచ్చి అమ్మానాన్నల దగ్గర వదిలేసి పోతారు. ఈ జాతులకు పైబొచ్చు కింద మరో మెత్తటి బొచ్చు ఉంటుంది. తడిస్తే త్వరగా ఆరదు. వీటికి స్నానం కంటే దువ్వెన ముఖ్యం. వారానికి రెండు మూడుసార్లు దువ్వి, మూడు నాలుగు వారాలకోసారి స్నానం చేయించి, బొచ్చు కుదుళ్ల దాకా ఆరబెట్టాలి. తడి లోపల నిలిస్తే అక్కడే చర్మం చెడి, చీము పొక్కులు లేస్తాయి.

పిడుదుకి పత్తి మందు విరుగుడా?

మృగశిర దాటి నాలుగు చినుకులు పడ్డాక పిడుదులు విజృంభిస్తాయి. కొన్ని చోట్ల వీటినే గోమార్లంటారు. ఇవి కుక్క రక్తం తాగడమే కాదు, ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి జబ్బులు మోస్తాయి. ఎర్లికియోసిస్, బెబీసియోసిస్ అనే రెండు జబ్బులూ పిడుదు కాటుతో వచ్చేవే. కుక్క మూలన పడుకుని తిండి ముట్టదు. ఒళ్లు కాలిపోతుంది. చిగుళ్లు పాలిపోతాయి. కొన్నిటికి ముక్కు వెంట రక్తం కారుతుంది, కొన్నిటికి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. వేళకు వైద్యం అందితే చాలావరకు బతుకుతాయి. కాబట్టి పిడుదుల్ని చూసి కంగారు పడటంలో తప్పులేదు. ఆ కంగారులో చెయ్యి ఏ డబ్బా మీదికి వెళ్తుందన్నదే అసలు సంగతి.

పత్తి, మిరప పండే పల్నాడు లాంటి చోట్ల ప్రతి రైతు ఇంట్లోనూ పురుగుమందు అందుబాటులో ఉంటుంది. ‘అంత మొండి పురుగునే చంపుతోంది, పిడుదు ఒక లెక్కా’ అనిపిస్తుంది. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు నోట్లో పడితేనే విషం అనుకుంటే పొరపాటు. చర్మం గుండానే ఒంట్లోకి దిగుతాయి. పైగా కుక్క ఊరుకోదు, ఒళ్లంతా నాకుతుంది. కొద్దిసేపట్లోనే చొంగ కారడం, కళ్ల నీళ్లు, వాంతి, విరేచనం, కండరాలు అదరడం మొదలై ఊపిరి అందక చనిపోవచ్చు. అది బతికి బట్టకట్టినా బొచ్చుకి అంటిన మందు దాన్ని నిమిరిన పిల్లల చేతులకి, అక్కడి నుంచి నోటికి చేరుతుంది. మందు కలిపిన బకెట్‌తోనే సాయంత్రం గేదెకి కుడితి పెట్టే ఇళ్లూ ఉన్నాయి.

‘పశువుల మందులోనూ సైపర్‌మెత్రిన్ ఉంది, పొలం మందులోనూ అదే ఉంది, పేరొకటే కదా’ అని అడిగే తెలివైన రైతులుంటారు. మంచి ప్రశ్నే. పేరు ఒకటైనా మందు బలం వేరు, కలిపే పాళ్లు వేరు, మందును కరిగించడానికి వాడే ద్రావకం వేరు. పొలం మందు ఆకుల మీద కొట్టడానికి చేసింది, చర్మం మీద పోయడానికి కాదు. ఆ ద్రావకమే చర్మాన్ని కాలుస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త. ఈ జాతి మందులు పిల్లి ఒంట్లో త్వరగా విరగవు. మందు తడి ఆరని కుక్క పక్కన పడుకున్నా దాని ప్రాణానికి ముప్పే. మందు పోసిన కుక్కని చెరువులో దించితే చేపలూ చస్తాయి.

అటకమీద పాత డబ్బాలుంటే వాటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు గొడ్లకీ కుక్కలకీ గమాక్సిన్ పొడి చల్లేవాళ్లు. ఆ బి.హెచ్.సి.ని మన దేశంలో 1997లోనే నిషేధించారు. డైక్లోర్వాస్, ఫోరేట్ మందుల్ని 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ‘డబ్బా మిగిలింది, కుక్కకైనా పనికొస్తుంది’ అనుకోవద్దు. కిరసనాయిలు, కాలిన ఇంజన్ ఆయిలు, ఫినాయిలు కూడా అంతే. గజ్జికి ఇంజన్ ఆయిలు రాసే అలవాటు ఇంకా పోలేదు. అది గజ్జిని తగ్గించదు, చర్మాన్ని కాల్చి, నాకినప్పుడు కడుపులోకి పోతుంది.

ఎవరైనా తెలియక పోసేశారనుకోండి. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, సబ్బు నీళ్లతో, ఆ తర్వాత మంచినీళ్లతో కుక్కని బాగా కడగండి. నాకకుండా మూతిని అడ్డుకోండి, తాడుతో మాత్రం బిగించొద్దు, వాంతి వస్తే ఊపిరాడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు మందు డబ్బా తప్పకుండా వెంట ఉండాలి. మోనోక్రోటోఫాస్ జాతి మందులకు అట్రోపిన్ ఇంజక్షన్ విరుగుడు. సైపర్‌మెత్రిన్‌కి అది విరుగుడు కాదు. కొన్ని మందులకు అట్రోపిన్ వేస్తే చేటు కూడా. డబ్బా చూడందే డాక్టరుకి ఆ తేడా తెలియదు. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకి ఫోన్ చేసి మీ మండలానికి బండి వస్తుందేమో అడగొచ్చు.

సరైన మందు, సరైన కొలత

కుక్క పిడుదులకు ఎక్కువగా రాసిచ్చే మందు అమిట్రాజ్ 12.5 శాతం. లీటరు నీళ్లకి 2 మిల్లీలీటర్లు కలపాలి. మధ్యరకం కుక్కకి మూడు లీటర్ల నీళ్లు, 6 మి.లీ. మందు సరిపోతాయి. మూతతో కొలవొద్దు, మూతలన్నీ ఒక్క సైజువి కావు. సూది తీసేసిన సిరంజితో కొలవండి. కుక్కని ముందు రోజు మామూలుగా స్నానం చేయించి ఆరనివ్వండి. మర్నాడు నీడలో, గాలి ఆడేచోట, ఈ మందు నీళ్లు గుడ్డతో మెడ నుంచి తోక దాకా అద్దండి. కళ్లు, ముక్కు, నోరు తగలకూడదు. ఆ తర్వాత కడగొద్దు, అలాగే ఆరనివ్వాలి. ఆరేదాకా నాకకుండా ఎవరైనా పక్కనే ఉండాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. మూడు నాలుగు నెలల లోపు పిల్లలకి, చూడి కుక్కకి, పాలిచ్చే కుక్కకి, ఒంటిమీద పుండ్లున్న వాటికి డాక్టర్ని అడగకుండా వాడొద్దు. పిల్లికి అసలే వద్దు.

స్నానం లెక్క మళ్లీ ఇక్కడ అవసరమవుతుంది. మందు అద్దిన కుక్కని రెండు రోజులకోసారి కడిగితే మందు కాస్తా నీళ్లలో పోతుంది. ‘మందు పనిచెయ్యలేదు’ అని ఈసారి రెట్టింపు కలుపుతాం. మెడవెనక చుక్కలుగా వేసే మందులకైతే వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం మానెయ్యాలి. ఇప్పుడు నెలకో, మూడు నెలలకో ఒకటి మింగించే పిడుదుల బిళ్లలు కూడా వచ్చాయి. వీటికి స్నానంతో సంబంధం లేదు. ధర ఎక్కువ, డాక్టరు బరువు చూసి రాయాలి.

ఐదారు పిడుదులే ఉంటే మందు అక్కర్లేదు. చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగి, సబ్బునీళ్ల డబ్బాలో వెయ్యండి. గోటితో నొక్కి చిదమడం మనకి అలవాటు. అది మానుకోవాలి, ఆ రక్తంలో జబ్బులుంటాయి.

కుక్క ఒళ్లు శుభ్రం చేసి వదిలేస్తే సగం పనే అయినట్టు. రక్తం తాగి బలిసిన ఆడపిడుదు కింద రాలిపోయి, గోడ పగుళ్లలో దూరి 4 వేల దాకా గుడ్లు పెడుతుంది. పిల్లలు నెలల తరబడి తిండి లేకున్నా కాచుకుని ఉంటాయి. అందుకే పది రోజులకి ‘మళ్లీ వచ్చాయి’ అంటుంటాం. అవి మళ్లీ రావడం కాదు, అక్కడే ఉన్నాయి. కుక్క పడుకునే చోట గోడ పగుళ్లు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నం కొట్టండి. గోనెపట్టాని వారానికోసారి మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరెయ్యండి. చెత్తాచెదారం, రాళ్ల కుప్పలు దూరంగా పెట్టండి. గేదెల్ని పట్టే పిడుదు, కుక్కని పట్టే పిడుదు చాలావరకు వేరువేరు జాతులు, అయినా కొట్టం ఒకటే అయితే రెండిటినీ ఒకేసారి చూసుకోవడం మంచిది.

స్నానం ఎలా చేయించాలి?

ఎండ పొద్దున పది గంటలకి, చలికాలమైతే గోరువెచ్చటి నీళ్లతో. చెవుల్లో దూది పెట్టండి. నెత్తిమీద చెంబుడు నీళ్లు గుమ్మరిస్తే కుక్క భయపడి ఇంకెప్పుడూ బోరు దగ్గరికి రాదు. మెడ నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. మొహాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. రుద్దినదాని కంటే రెట్టింపు సేపు కడగాలి, జిగట పోయేదాకా. పాతగుడ్డతో తుడిచి, చెవుల దూది మర్చిపోకుండా తీసెయ్యండి. విప్పగానే అది పోయి మట్టిలో పొర్లుతుంది. కోప్పడకండి, దాని స్వభావం అంతే. రెండు నెలల లోపు పిల్లలకి స్నానం వద్దు, తడిగుడ్డ చాలు. రోహిణి కార్తె ఎండల్లో రొప్పుతుంటే పొట్టకీ కాళ్లకీ మామూలు నీళ్లు తడపండి. దానికి సబ్బు అక్కర్లేదు.

స్నానం చేయించిన రెండో రోజుకే మళ్లీ కంపు కొడితే అది మురికి కాదు. చెవిలో చీము, చిగుళ్ల జబ్బు, చర్మరోగం ఏదో ఉన్నట్టే. గజ్జిలో ఒక రకం, తామర కుక్క నుంచి మనుషులకీ అంటుతాయి. ఇంట్లో పిల్లలు కూడా గోక్కుంటుంటే ఇద్దర్నీ చూపించాలి.

కుక్కని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లడానికి మంచి రోజు కావాలంటే జులై 6 ఉంది. ఆ రోజు జూనోసిస్ దినం, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మూడు నెలలు నిండిన పిల్లకి మొదటి టీకా, డాక్టరు చెప్పిన రోజుకి రెండోది, ఆపైన ఏటా ఒకటి. సరిగ్గా పిడుదులు ముసిరే రోజులే అవి కూడా. చెవులు, కాలివేళ్ల సందులు అప్పుడే చూపించి మందు చీటీ రాయించుకు రండి.