వలలోని బృహదణువులు

కళింగపట్నమున వంశధార సాగరమును చేరుచోట జాలరులు నేడు వేయునది నైలాను వల. వారి తాతలు వేసినది నూలు వల. రెండును బృహదణువులతో నైనవే. అనగా చిన్న అణువులు వందలుగా, వేలుగా గొలుసుకట్టగా ఏర్పడినవి.

నూలులోని సెల్యులోజు ప్రకృతి కూర్చిన గ్లూకోజు గొలుసు. నైలానును 1935లో అమెరికాలో కారొథర్సు కృత్రిమముగా కూర్చెను. అందు రెండు రసాయనముల అణువులు లంకె కుదిరినపుడెల్ల ఒక నీటి అణువు వెడలిపోవును.

నూలును సూక్ష్మజీవులు జీర్ణించుకొనును. కనుకనే పూర్వులు వలను బెరడు కషాయమున ముంచి ఆరవేసెడివారు. నైలాను గొలుసును అవి సులభముగా త్రెంపజాలవు. ఈ సుగుణమే దోషమును. కడలిలో తెగిపోయిన వల చివుకక, ఏండ్ల తరబడి చేపలను, తాబేళ్లను బంధించుచుండును. కావున చినిగిన వలను ఒడ్డునకు చేర్చుట, క్రొత్త వల కొనుటయంత ముఖ్యము.