ఇస్తాంబూల్ వీధుల్లో చదువరులు లేని రాతిపలకలు

ఇస్తాంబూల్ వెళ్ళిన యాత్రికుడు పెద్ద మసీదులను చూసి తిరిగివస్తాడు. వాటి నడుమ సందుల్లో, ప్రహరీగోడల్లో అమర్చిన పాలరాతి నీటికుళాయిలు అతని కంటపడవు. తుర్కీలో వీటిని చెష్మె అంటారు. ఉర్దూలోని చష్మా అనే మాటే అది. కిటికీ వెనుక నిలబడిన మనిషి గిన్నెతో నీళ్ళందించే కట్టడం సెబీల్. మన ముహర్రం సబీలూ, వేసవి చలివేంద్రమూ ఆ కోవలోనివే. సుల్తానులు, రాజవంశ స్త్రీలు, వజీర్లు, సంపన్నులు వీటిని వక్ఫ్‌గా కట్టించారు.

చాలావాటిలో నేడు నీరు రాదు. పైనున్న రాతిపలక మాత్రం మిగిలి ఉంది. ప్రతి ప్రాణికీ మూలం నీరేనని తెలిపే అంబియా సూరాలోని 30వ ఆయత్, దాత పేరు, త్రాగినవారు తనకై దుఆ చేయాలన్న విన్నపం ఆ పలకలపై తరచుగా కనిపిస్తాయి. దాత కోరిన ప్రతిఫలం ఆ దుఆ ఒక్కటే.

సంవత్సరం తరచుగా అంకెల్లోనే గాక అక్షరాల్లోనూ దాగి ఉంటుంది. అబ్జద్ లెక్కలో ప్రతి అరబీ అక్షరానికీ ఒక విలువ కలదు. హైదరాబాదు స్థాపనకు చెప్పుకొనే ‘యా హాఫిజ్’నే తీసుకోండి: యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. అది హిజ్రీ సంవత్సరం, అనగా 1591-92.

తోప్‌కాపీ రాజప్రాసాద ద్వారం ఎదుట మూడవ అహ్మద్ సుల్తాను 1728లో కట్టించిన చెష్మెపై ఇటువంటి పాదమే ఉంది. బిస్మిల్లాహ్ చెప్పి కుళాయి తిప్పి నీళ్ళు త్రాగి, అహ్మద్ ఖాన్‌కై దుఆ చేయమని దాని భావం. సుల్తాను స్వయంగా వ్రాసిన ఆ పాదంలో లెక్క 4 తక్కువ వచ్చిందట. కవి సయ్యిద్ వెహ్బీ మొదట ‘ఆచ్’, అంటే ‘తెరువు’, అనే మాట చేర్చి హిజ్రీ 1141 పూర్తి చేశాడని చెబుతారు. అలిఫ్‌కు 1, చేకు 3. ఇటువంటి పాదాన్ని అనువదించబోతే భావం దక్కుతుంది గాని సంవత్సరం జారిపోతుంది. అనువాదకుడు చేయగలిగిందేమీ లేదు.

1927 నాటి చట్టం ప్రభుత్వ భవనాలపై సుల్తానుల తుగ్రాలను, స్తుతి వాక్యాలను తొలగించమన్నది. కొన్ని చెక్కివేయబడ్డాయి, కొన్ని కప్పివేయబడ్డాయి. అయితే అసలు దెబ్బ ఉలి కొట్టింది కాదు. 1928లో అరబీ లిపి స్థానంలో రోమన్ లిపి వచ్చింది. చెక్కుచెదరని పలకలు కూడా ఆ తర్వాతి తరాలకు మూగవైపోయాయి. తాత కోరిన దుఆను మనుమడు చదవలేకపోయాడు.

ఉస్కుదార్‌లో సదఖా రాయి అనే పొట్టి స్తంభం ఒకటి ఉంది. దాని నెత్తిన గుంట. ఇచ్చేవాడు అందులో డబ్బు పెట్టి వెళ్ళేవాడు, అక్కరగలవాడు తనకు చాలినంత తీసుకొనేవాడు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అక్షరమే లేని ఈ రాయిని చదవడానికి లిపి అక్కరలేదు. అయినా ప్రక్కనుంచి వెళ్ళేవారిలో ఎందరికో అది వట్టి స్తంభమే.

నాజిరా ముగించిన మన పిల్లవాడు చెష్మె పలకపైని ఆయత్‌ను కూడబలుక్కొని చదవగలడు. క్రింది తుర్కీ పాదం దగ్గర ఆగిపోతాడు. అబ్జద్ విలువలు నేర్పితే సంవత్సరమైనా చెప్పగలడు.